ఇంటి కంప్యూటరులో పాడి పద్దులు: లెక్క కుదరనప్పుడు చూడవలసిన చోటు

పిల్లల చదువు కోసం కొన్న కంప్యూటరు ఇప్పుడు మన సభ్యుల ఇళ్ళలో కూడా కనబడుతున్నది. పగలు పిల్లలు కాలేజీకి పోయాక అది ఖాళీగానే వుంటుంది. కొందరు సభ్యులు దానిలో ఇంటి జమాఖర్చులు, పాడి లెక్కలు వ్రాయించుకుంటున్నారు. మంచి అలవాటు. అయితే సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు వీరిలో ఎవరో ఒకరు వచ్చి, "అయ్యా, మా కంప్యూటరు లెక్క తప్పు చూపుతున్నదండీ" అని చెప్పడం కూడా మామూలైంది. చూడగా, కూడికలో యంత్రం తప్పిన సందర్భం ఒక్కటీ కనబడలేదు. తప్పు ఎక్కడ వున్నదీ యంత్రమే చూపుతూ వుంటుంది, మనం చూడము.

ఈ పాఠానికి గ్నూక్యాష్ అనే ప్రోగ్రామును ఉదాహరణగా తీసుకుంటున్నాను. దీనికి వెల లేదు. 1998లో దీని తొలి స్థిర రూపం వెలువడింది, నేటికీ కొత్త రూపాలు వస్తూనే వున్నాయి. విండోస్ మీద, లినక్స్ మీద, మ్యాక్ మీద పనిచేస్తుంది. ఇంటర్నెట్ లేకపోయినా పద్దులు వ్రాసుకోవచ్చు. ఖాతాల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు: పాల ఆదాయం, దాణా, గడ్డి, పశువైద్యం, గేదెలు, పాడి అప్పు, ఇలా. పేరు మధ్యలో రెండు చుక్కలు మాత్రం పెట్టవద్దు. ఒక ఖాతా కింద ఇంకొక ఖాతాను చూపడానికి ప్రోగ్రాము ఆ గుర్తునే వాడుకుంటుంది గనుక అటువంటి పేరును ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోలేదో తెలియక ఒక ఇంట్లో సాయంత్రమంతా కుస్తీ పట్టారట.

ఇది జంటపద్దు విధానంలో నడుస్తుంది. సంఘం కార్యదర్శికి ఈ విధానం కొత్త కాదు. సభ్యులకు ఒక్క మాటలో చెప్పాలంటే, ప్రతి పైసాకూ రెండు కొసలుంటాయి: ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది. దాణాకు 500 రూపాయలు ఇస్తే చేతిలో నగదు 500 తగ్గుతుంది, దాణా ఖర్చు 500 పెరుగుతుంది. రెండూ వ్రాస్తేనే పద్దు పూర్తి. ఒక కొస వ్రాసి రెండవ కొస వదిలేస్తే గ్నూక్యాష్ ఆ పద్దును పారవేయదు. తానే ఒక ఖాతా తెరచి రెండవ కొసను అందులో వుంచుతుంది. ఆ ఖాతా పేరు ఇంబ్యాలెన్స్-ఐ.ఎన్.ఆర్. మన పాత పుస్తకాల భాషలో చెప్పాలంటే అది అనామతు ఖాతా. ఎవరిదో, ఎందుకో తేలని మొత్తాలు తేలేవరకు అక్కడ వుంటాయి. తనిఖీదారుకు సంఘం ఆవర్జాలో అనామతు ఖాతా కనబడితే మొదట తెరిచేది ఆ పేజీనే. ఇంటి కంప్యూటరులోనూ అంతే.

ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాను. ఒక సభ్యురాలికి సొంత గేదె ఒకటి వుండగా, లక్ష రూపాయల అప్పుతో రెండవ గేదెను కొన్నారు. అప్పు ఇచ్చినవారు ఆ డబ్బును నేరుగా గేదెను అమ్మినవారికే చెల్లించారు. డిగ్రీ చదివే కూతురు పది నెలలపాటు లెక్కలన్నీ కంప్యూటరులో వ్రాసింది. పది నెలలకు నివేదిక తీస్తే పాడి మీద 90,000 రూపాయల నష్టం తేలింది. ఇంటాయన పాత గేదెను వచ్చే సంతకు తోలుదామన్నారు. ఆమెకు మనసొప్పక సంఘానికి వచ్చి అడిగారు.

ఆ నష్టం ఎలా వచ్చిందో చూడండి. పక్షానికొక బిల్లు చొప్పున 20 బిల్లులు. ప్రతి బిల్లుకు బ్యాంకులో పడింది సగటున 4,900. అమ్మాయి ఆ 4,900నే పాల ఆదాయంగా వ్రాసింది; 20 బిల్లులకు 98,000. గేదె కొన్న లక్షను ఖర్చుగా వ్రాసింది. పచ్చిగడ్డి, ఎండుగడ్డి, మందులకు చేతినుంచి ఇచ్చినది 48,000. అప్పు వాయిదాలు కడుతున్నామని అమ్మ చెప్పింది గనుక పక్షానికి 2,000 చొప్పున 40,000 కూడా ఖర్చులో వేసింది. మొత్తం ఖర్చు 1,88,000. ఆదాయం 98,000. నష్టం 90,000. కూడికలో తప్పు లేదు.

"పాపా, గేదె కొన్న లక్ష ఏ ఖాతానుంచి పోయినట్లు వ్రాశావు?" అని అడిగాను.

"ఏమీ వ్రాయలేదు సార్. మా చేతికి డబ్బు రాలేదు కదా. వాయిదాలకు కూడా అంతే సార్, చేతినుంచి ఇవ్వలేదు. ఇంబ్యాలెన్స్ అని ఏదో దానంతటదే వచ్చింది. చూడటానికి బాగాలేదని దాచేశాను."

గ్నూక్యాష్‌లో ఏ ఖాతానైనా కనబడకుండా దాచే వీలున్నది. వ్యూ అనే చోట ఫిల్టర్ బై తెరచి, దాచిన ఖాతాలను చూపమంటే మళ్ళీ కనబడతాయి. అలా చూడగా అనామతులో 1,40,000 రూపాయలు నిలిచి వున్నాయి. గేదె లక్ష, వాయిదాల 40,000, సరిగ్గా అంతే. తప్పు ఎక్కడ వున్నదో పది నెలలుగా ఆ ఖాతా చెబుతూనే వున్నది.

సరిదిద్దడానికి సంఘం నుంచి బిల్లు చీటీలు తెప్పించాము. సగటు బిల్లు ఇలా వున్నది: పాల విలువ 9,600. అందులో సంఘం ఇచ్చిన దాణాకు 2,600 మినహాయింపు. అప్పు వాయిదా 2,000. అందులో అసలు 1,600, వడ్డీ 400. పొదుపు 100. పోగా బ్యాంకుకు 4,900. అంటే వాయిదా బిల్లులోనే పట్టుబడి పోయింది. అమ్మాయి దానిని మినహాయింపు పోగా వచ్చిన ఆదాయం మీద మరొకసారి ఖర్చు వ్రాసింది. దాణా మాట లెక్కలో అసలు లేనే లేదు.

బిల్లును సరిగా వ్రాయడం ఇదీ. బ్యాంకు ఖాతా తెరచి, పద్దు మీద స్ప్లిట్ అనే మీట నొక్కితే ఒకే పద్దు కింద అనేక వరుసలు వస్తాయి. బ్యాంకుకు 4,900, దాణా ఖర్చుకు 2,600, వడ్డీ ఖర్చుకు 400, పాడి అప్పుకు 1,600, సంఘంలో పొదుపుకు 100. ఇవి ఎడమ అంకెల గడిలో. పాల ఆదాయం 9,600 కుడి గడిలో. రెండు వైపులా 9,600 కావాలి. అసలు, వడ్డీ విడదీసి బిల్లులో లేకపోతే అప్పు ఇచ్చిన చోట వివరం అడిగి తెచ్చుకోండి, ఉజ్జాయింపుగా వ్రాయవద్దు. పొదుపు, వాటాధనం ఖర్చులు కావు. అవి సంఘంలో వున్న మీ డబ్బు, గనుక ఆస్తుల కింద వుండాలి. చాలామంది వీటిని ఖర్చులో వేసి మరచిపోతారు. సంఘం వాటాధనం చిట్టాలో మీ పేరు మీద ఎంత వున్నదో మీ ఇంటి లెక్కలోనూ అంతే వుండాలి.

రెండు వైపులా సమానం కాకుండా పద్దు ముగించబోతే ప్రోగ్రాము ఆపి అడుగుతుంది: మీరే సరిచేస్తారా, నన్నే ఒక వరుస చేర్చమంటారా అని. మీరే సరిచేస్తామనే చెప్పండి. దానిని చేర్చమంటే తేడాను మళ్ళీ అనామతులోకి తోస్తుంది. యాక్షన్స్ అనే చోట చెక్ అండ్ రిపేర్ అని ఒకటున్నది. పేరు చూసి అది లెక్కలను బాగుచేస్తుందని అనుకోవద్దు. కుదరని పద్దులను వెదికి అనామతులో పెట్టడమే దాని పని. ఏ ఖాతాకు చేరాలో అది ఎన్నటికీ చెప్పలేదు.

ఇక ఆ ఇంటి లెక్క. గేదె లక్షను గేదెలు అనే ఆస్తి ఖాతాకు మార్చి, రెండవ కొసను పాడి అప్పుకు చేర్చాము. వాయిదాల ఖర్చు పద్దులు 20 తీసివేసి, బిల్లులన్నీ పైన చెప్పినట్లు విడదీశాము. పూట పట్టింది. ఆదాయం 1,92,000. దాణా 52,000, గడ్డి, మందులు 48,000, వడ్డీ 8,000, ఖర్చు 1,08,000. మిగులు 84,000. ఇందులో అసలు కింద 32,000, పొదుపుకు 2,000 పోగా చేతిలో 50,000 వుండాలి. బ్యాంకుకు వచ్చిన 98,000లో గడ్డికి, మందులకు 48,000 పోతే మిగిలేదీ 50,000. రెండు దారుల్లో వచ్చినా ఒకే అంకె. అనామతు సున్నా.

84,000 అంతా లాభమని నేను వారికి చెప్పలేదు. గేదె విలువ ఈతఈతకు తగ్గుతుంది. దానిని ఏటా కొంత ఖర్చుగా వ్రాయాలి. ప్రోగ్రాము తనంతట తాను వ్రాయదు. ఇంటి గడ్డికి, ఇంటివాళ్ళ రెక్కల కష్టానికి ఇందులో వెల కట్టలేదు. పైగా ఈ లెక్క ఇంటి మొత్తానిది. రెండింటిలో ఏ గేదె నిలదొక్కుకున్నదో, ఏది తింటున్నదో దీనిలో తేలదు. రెండింటి పాలూ ఒకే క్యానులో పోస్తారు కదా. అది తెలియాలంటే పక్షానికొక రోజు రెండు పూటలా విడివిడిగా పితికి, కొలిచి వ్రాసుకోవాలి. ఆ మాట చెప్పాక పాత గేదె ఆ వారం సంతకు పోలేదు. కొలపాత్ర మాత్రం వచ్చింది.

ఇకపోతే, తరచు వచ్చే చిన్న చిక్కులు.

వివరం గడిలో "పాల బిల్లు" అని మొదలుపెట్టగానే గ్నూక్యాష్ పోయిన బిల్లును వరుసలతో, అంకెలతో సహా దింపుతుంది. ఒకసారి విడదీసి వ్రాస్తే చాలు, ప్రతిసారీ ఆరు ఖాతాలు వెదకనక్కరలేదు. కానీ అంకెలు పాతవి. అన్నీ మార్చి ఒకటి మరచిపోతే పట్టుకోవడం కష్టం. దాణా తీసుకోని పక్షంలో పాత దాణా అంకె అలాగే నిలిచిపోవడం ఎక్కువగా చూస్తుంటాను. అంకె గడిలో గుణకారం కూడా వ్రాయవచ్చు: గడ్డి మోపులు 12, మోపు 150 అయితే 12*150 అని కొడితే 1,800 తానే వేసుకుంటుంది.

నివేదికలో నెలలు కలగాపులగమైతే ప్రిఫరెన్సెస్‌లో అకౌంటింగ్ పీరియడ్ చూడండి. మొదట పెట్టినప్పుడు అది జనవరితో మొదలవుతుంది. సంఘం లెక్కలతో సరిపోల్చుకోవాలంటే ఏప్రిల్ 1 తేదీ పెట్టి, ఏటా ఆ సంవత్సరం మార్చుకోవాలి. పాడి మంచిచెడులకు మాత్రం ఈ రెండూ సరిపడవు. వట్టిపోయిన నెలల్లో ఖర్చే కనబడుతుంది. ఈనిన తేదీ నుంచి మళ్ళీ ఈనిన తేదీ వరకు నివేదిక తీయండి; నివేదిక ఆప్షన్లలో మొదటి, చివరి తేదీలు మీరే ఇవ్వవచ్చు. ప్రిఫరెన్సెస్‌లో తేదీల వ్రాత విధానం కూడా చూసుకోండి. నెల ముందు, రోజు తరువాత వ్రాసే పద్ధతి వున్న కంప్యూటరులో మే 4వ తేదీ బిల్లు ఏప్రిల్ 5కు పోతుంది.

ఆస్తులు, ఖర్చులు వంటి పెద్ద తలఖాతాలకు ప్లేస్‌హోల్డర్ గుర్తు పెడితే వాటిలో నేరుగా పద్దు వ్రాయడం కుదరదు. పిల్లలు, పెద్దలు ఇద్దరూ వ్రాసే ఇంట్లో ఇది తప్పక చేయండి.

పద్దులు వ్రాస్తుండగా కరెంటు పోయిందనుకోండి. మళ్ళీ తెరిచేటప్పుడు ఈ ఫైలుకు తాళం దొరకలేదని, ఎవరో వాడుతూ వుండవచ్చని ప్రోగ్రాము చెబుతుంది. ఫైలు పోయిందని భయపడి కొత్త ఫైలు మొదలుపెట్టినవారున్నారు. ఫైలు పక్కన ఎల్.సి.కె. అనే గుర్తుతో ఒక చిన్న ఫైలు తెరిచినప్పుడు ఏర్పడి, మూసినప్పుడు పోతుంది; కరెంటు పోయినప్పుడు అది మిగిలిపోయింది, అంతే. ఇంకెక్కడా అదే ఫైలు తెరిచి లేదని చూసుకొని, ఓపెన్ ఎనీవే నొక్కండి. నిజంగానే ఫైలు చెడితే, అదే చోట తేదీ, సమయం అంకెలు పేరులో కలిగిన పాత ప్రతులు వుంటాయి. మార్చకపోతే 30 రోజుల ప్రతులు నిలుస్తాయి. అన్నిటికన్న కొత్తదానిని తెరచి, వేరే పేరుతో సేవ్ చేసుకొని, ఆ తరువాతనే వ్రాయండి.

ఆ ప్రతులన్నీ అదే కంప్యూటరులో వుంటాయి గనుక, కంప్యూటరే పోతే అవీ పోతాయి. బిల్లు వ్రాసిన రోజున బ్యాంకు పాస్ పుస్తకంతో రీకన్సైల్ చేసి, అనామతు సున్నా అని చూసుకొని, ఒక ప్రతి పెన్ డ్రైవులోకి తీసి బీరువాలో పెట్టండి. బిల్లు చీటీలను మాత్రం ఆ సంవత్సరం సంఘం ఆడిట్ ముగిసేవరకు పారవేయవద్దు. మినహాయింపులో తేడా వస్తే అర్జీతో జతపరచవలసింది చీటీనే, కంప్యూటరు కాగితం కాదు.