కంప్యూటరునకును చిట్టా యున్నది

వర్తకుల లెక్కలలో రెండు పుస్తకములు ముఖ్యములు. జరిగిన బేరమును జరిగిన వరుసలో వెంటనే వ్రాయునది చిట్టా. దానిని ఖాతాల వారీగా తేల్చి చూపునది ఆవర్జా. ఆవర్జా పాడైనను, చిట్టా మిగిలియున్నచో లెక్కలను మరల తేల్చుకొనవచ్చును.

కంప్యూటరులోని డేటాబేసును ఈ మార్గముననే నడచును. ఒకరి బ్యాంకు ఖాతానుండి మరియొకరి ఖాతాకు 500 రూపాయలు మార్చవలెననుకొనుడు. ఒకచోట తగ్గి, రెండవచోట హెచ్చవలెను, నడుమ నిలిచిపోరాదు. కావున మార్పును మొదట 'ట్రాన్సాక్షన్ లాగ్' అను చిట్టాలో వ్రాసి, పిదపనే అసలు ఫైలులో వ్రాయును. ఇంతలో విద్యుత్తు పోయినను భయము లేదు. యంత్రము తిరిగి పనిచేయునపుడు చిట్టాను జూచి, పూర్తియైన లావాదేవిని నిలుపును. పూర్తికానిదానిని రద్దు చేయును. ఈ శాస్త్రమునకు విశేషసేవ చేసిన అమెరికా శాస్త్రజ్ఞుడు జిమ్ గ్రేకు 1998 సంవత్సరపు ట్యూరింగ్ బహుమానము లభించినది.

అయితే చిట్టా నానాటికి పెరుగును. మైక్రోసాఫ్టు వారి ఎస్.క్యూ.ఎల్. సర్వరునందు 'ఫుల్ రికవరీ' పద్ధతి నవలంబించినచో, చిట్టాకు ప్రత్యేకముగా నకలు తీయువరకు అందలి పాత వ్రాతల చోటు ఖాళీ కాదు. డేటాబేసు మొత్తమునకు ప్రతి రాత్రియు నకలు తీసినను చాలదు. పలువురు పొరపడునది యిచ్చటనే. చిట్టా నిండి, పెరుగుటకు డిస్కులో చోటు లేనిచో, 9002 అను సంఖ్యగల దోషము కనబడి క్రొత్త మార్పులు నిలిచిపోవును. 15 నిమిషముల కొకసారి చిట్టా నకలు తీయుచున్నచో చోటు దొరకును; డిస్కు చెడినను సుమారు 15 నిమిషముల పని మాత్రమే నష్టమగును. నకలు తీసినంతనే ఫైలు చిన్నది కాదు. లోపలి చోటు మాత్రము తిరిగి వ్రాయుటకు వీలగును. కావున దానిని మాటిమాటికి కుదించుట వ్యర్థము.

ఈ నకళ్లను ఎన్నాళ్లు దాచవలెను? ఏడు దినములలో ఏ క్షణమునకైనను వెనుకకు మరలగలుగుట మన కోరిక యనుకొందము. మొత్తపు నకలు ఆదివారమునాడు మాత్రమే తీయుచున్నాము. ఈ శనివారమున, గడచిన శనివారపు లెక్క కావలసివచ్చినది. అపుడు దానికి ముందటి ఆదివారపు మొత్తపు నకలును, అటుపిమ్మటి చిట్టా నకళ్లును వరుస తప్పక కావలెను. కావున ఏడు దినములవి చాలవు. 14 దినములవి దాచవలెను. గంటకు 200 మెగాబైట్ల చిట్టా పుట్టినచో దినమునకు 4,800, 14 దినములకు 67,200 మెగాబైట్లు. చోటు చాలలేదని నడుమ నొక నకలు చెరపినచో, గొలుసు తెగినట్లే. ఆ మొత్తపు నకలునుండి బయలుదేరి తెగినచోటు దాటి పోజాలము.

నకళ్లను వేరొక డిస్కుపై, వీలైనచో వేరొక చోట నుంచవలెను. అప్పుడప్పుడు వానినుండి డేటాబేసును తిరిగి నిలిపి చూడవలెను. పరీక్షింపని నకలు అక్కరకు వచ్చునని నమ్మరాదు. ఇతరుల సొమ్ము లెక్క మన చేతిలో నున్నపుడు ఈ శ్రద్ధ ధర్మము.

అభ్యాసము: మొత్తపు నకలు ప్రతి రాత్రియు తీసినచో, పై కోరిక తీరుటకు ఎన్ని దినముల చిట్టా నకళ్లు దాచవలెను? అందునకు చోటెంత కావలెను?