నేలమాళిగలో ప్రాణం నిలబెట్టుకోవడం



నేలమాళిగల్లోకి దిగి, చీకటి గదులు వెతుకుతూ, ఎదురైన భూతాలతో పోరాడే తొలితరం కంప్యూటర్ ఆటల్లో ఒకటి రోగ్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ 1980 ప్రాంతంలో దాన్ని తయారుచేశారు. అదే బాటలో జే ఫెన్లాసన్ మరికొందరితో కలిసి హ్యాక్ రాశాడు. దాన్ని పెంచి పెద్దచేసి 1987లో విడుదల చేసిన ఆట నెట్‌హ్యాక్. ఈ ఆట నేటికీ ఉచితమే, దాని సోర్సు కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. మామూలు రూపంలో తెర మీద బొమ్మలు కూడా ఉండవు. ఎట్ గుర్తు ఆటగాడి పాత్ర, ఇంగ్లిషు అక్షరాలు జంతువులు, భూతాలు, మిగతా గుర్తులు వస్తువులు. అట్టడుగున ఉన్న యెండర్ తాయెత్తును పైకి తెచ్చి దేవుడికి సమర్పిస్తే గెలుపు. కొత్తగా ఆడేవారు ఆ తాయెత్తును చాలాకాలం మరచిపోవచ్చు. మొదటి పది అంతస్తులు బతికి తిరగగలగడమే అసలు చదువు.

ఈ ఆటకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. మొదటిది, చావు శాశ్వతం. సేవ్ చేసిన ఆటను తిరిగి తెరవగానే ఆ ఫైలు చెరిగిపోతుంది కాబట్టి పాత్ర చచ్చిపోతే వెనక్కి వెళ్లే దారి ఉండదు. రెండోది, చదరంగంలోలాగే ఇక్కడా ఎత్తుకు ఎత్తు. ఆటగాడు మీట నొక్కేదాకా ఏ భూతమూ కదలదు. ఈ రెండో కట్టుబాటును కొత్తవారు దాదాపుగా వాడుకోరు. వారి పాత్రలు చచ్చిపోయేది బలం చాలక కాదు, ఒకే మీటను వరసగా నొక్కుతూ పోవడం వల్ల. హిట్ పాయింట్లు, అంటే పాత్రకు మిగిలిన ప్రాణబలం, సగానికి పడిన క్షణంలో చెయ్యి తీసి, సంచిలో ఏమున్నాయో మొత్తం జాబితా చూసి, పారిపోవడానికి ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టుకునేవారు చాలా లోతుకు వెళతారు. పావు వంతుకు పడ్డాక ఆలోచన మొదలుపెట్టేవారికి ఆ దారులు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి.

పాత్ర ఎంపికలోనే సగం భద్రత ఉంది. ఉన్న పదమూడు వృత్తుల్లో వాల్కిరీ కొత్తవారికి అన్నిటికన్నా అనువైనది. పొడుగు కత్తి, బాకు, డాలు మొదటే చేతిలో ఉంటాయి, చలి దెబ్బ తగలదు, అడుగుల చప్పుడు వినిపించదు. జాతి అడిగినప్పుడు డ్వార్ఫ్‌ను ఎంచుకోవడం ఇంకా మంచిది. రెండు నుంచి నాలుగో అంతస్తులోపు ఎక్కడో ఒకచోట నోమ్‌ల గనులకు దిగే అదనపు మెట్లు ఉంటాయి. మనిషి జాతి పాత్ర అక్కడికి అడుగుపెడితే నోమ్‌లు, డ్వార్ఫ్‌లు గుంపుగా మీదపడతారు. డ్వార్ఫ్ పాత్రను మాత్రం వారిలో ఎక్కువమంది తమవారిగా చూసి వదిలేస్తారు. శాంతంగా ఉన్నవారిని కొట్టబోతే ఆట నిజంగానే కొట్టాలా అని అడుగుతుంది. జవాబు ఎప్పుడూ వద్దనే ఉండాలి. శాంతజీవిని చంపితే అదృష్టం పడిపోతుంది, అదృష్టం పడిపోయినవారి ప్రార్థన దేవుడు వినడు. మాంత్రికుడు, యాత్రికుడు వంటి పాత్రలు ఆకర్షణీయంగా కనిపించినా వాటిని తర్వాతికి ఉంచుకోవాలి.

ఎంత వేగంగా దిగాలన్నది తర్వాతి ప్రశ్న. ఎదురయ్యే భూతాల బలం అంతస్తు లోతు మీదా పాత్ర అనుభవ లెవెల్ మీదా కలిపి ఆధారపడుతుంది. సుమారుగా ఆ రెండింటి సగటే పై హద్దు. అంటే రెండో లెవెల్ పాత్ర పదో అంతస్తుకు పరుగెత్తితే తనకు మించినవాటిని తానే పిలుచుకున్నట్టు. మొదటి నాలుగైదు అంతస్తుల్లో గదులన్నీ చూసి, లెవెల్ ఎనిమిది దాకా పెంచుకుని కదలడం క్షేమం. గనుల్లో మూడు నాలుగు అంతస్తులు దిగితే మైన్‌టౌన్ అనే ఊరు, అందులో గుడి ఉంటాయి. గుడి పూజారికి లెవెల్‌కు 400 చొప్పున బంగారం ఒకేసారి ఇచ్చుకుంటే కవచం లేకుండానే రక్షణ పెరుగుతుంది. లెవెల్ పెరిగేకొద్దీ ఆ వెల కూడా పెరుగుతుంది కాబట్టి తొందరగా ఇవ్వడమే లాభం. ఆటలో రక్షణను చూపే సంఖ్య తగ్గేకొద్దీ మంచిదన్న సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆరో అంతస్తులో గానీ ఆ కింద గానీ పైకి వెళ్లే రెండో మెట్ల వరస కనిపిస్తే అది సోకోబాన్‌కు దారి. బండలు తోసే ఆ నాలుగు అంతస్తుల చిక్కుముడి ఓపికతో విప్పితే చివర విలువైన బహుమతి దొరుకుతుంది, మధ్యలో తిండీ దొరుకుతుంది.

పోరాటంలో నిలబడే చోటే సగం బలం. గది మధ్యలో నిలబడితే ఎనిమిది వైపుల నుంచీ దెబ్బలు పడతాయి. ఇరుకు దారిలోకి వెనక్కి తగ్గితే ఒకేసారి ఒకటే ఎదురవుతుంది. నీలం రంగు 'ఏ' అక్షరంగా వచ్చే సైనిక చీమల విషయంలో ఇది ప్రాణాధారం. మామూలు పాత్ర వేగం 12 అయితే వాటిది 18, పైగా ప్రతి విడతకూ రెండు దెబ్బలు. వాటి నుంచి పరుగెత్తి తప్పించుకోవడం కుదరదు. మెట్ల మీద నిలబడి పోరాడటం మరో మంచి అలవాటు. మెట్లెక్కితే పక్కనే ఆనుకుని ఉన్నవి మాత్రమే వెంటవస్తాయి, మిగతా గుంపు అక్కడే ఉండిపోతుంది.

ఎంత జాగ్రత్తపడినా ప్రాణం మీదికి వచ్చే ఘడియ తప్పదు. అప్పటికి ఉన్న గొప్ప ఆధారం ప్రార్థన. హిట్ పాయింట్లు మొత్తంలో ఏడో వంతుకు, లేదా ఐదుకు పడినప్పుడు ఆట దాన్ని పెద్ద ఆపదగా లెక్కిస్తుంది. ఆకలితో నీరసం వచ్చిందని తెర అడుగున కనిపించినా అంతే. అప్పుడు ప్రార్థిస్తే దేవుడు హిట్ పాయింట్లు పూర్తిగా నింపుతాడు, లేదా కడుపు నింపుతాడు. షరతులు మాత్రం గట్టివి. ఆట మొదలైన 300 ఎత్తుల దాకా ప్రార్థించకూడదు, ఒకసారి ప్రార్థించాక సుమారు 1000 ఎత్తులు ఆగాలి, ఆపద లేకుండా ఊరికే పిలవకూడదు. ప్రార్థించిన ఎత్తు సంఖ్యను పక్కన కాగితం మీద రాసుకోవడం అన్ని విధాలా మంచిది. ఏడో వంతుకు పడకముందే కంగారులో ప్రార్థించి దేవుడి కోపానికి గురికావడం కొత్తవారిలో చాలా మామూలు. ఆ గీత ఎక్కడుందో ముందే లెక్కకట్టుకుంటే ఇది జరగదు. 42 హిట్ పాయింట్లున్న పాత్రకు ఆ గీత 6.

రెండో ఆధారం ఎల్బెరెత్ అన్న పేరు. టోల్కిన్ కథాలోకం నుంచి తెచ్చుకున్న ఈ పేరును పెద్ద 'ఈ' మీట నొక్కి, వేలితో నేల ధూళిలో రాస్తే చాలా భూతాలు దగ్గరికి వచ్చి కొట్టడానికి భయపడతాయి. రాయడానికి ఒక్క ఎత్తు చాలు. దాని హద్దులు తెలియకపోతే మాత్రం అది మోసం చేస్తుంది. ఎట్ గుర్తుతో కనిపించే మనుషులు, మినోటార్‌లు దాన్ని లక్ష్యపెట్టరు. దూరం నుంచి విసిరే బాణాలను అది ఆపదు. నెట్‌హ్యాక్ 3.6లోనూ ఆ తర్వాతి రూపాల్లోనూ దాని మీద నిలబడి ఆటగాడు కత్తి ఎత్తితే రాత చెరిగిపోతుంది, భయపడ్డ భూతం వల్ల కూడా ఒక్కోసారి చెరుగుతుంది. రాసేటప్పుడు అక్షరం తప్పిపోవడమూ ఉంది కాబట్టి రాశాక కిందికి చూసి చదువుకోవాలి. అది కోలుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తుంది, అంతకు మించి దాని మీద భారం వేయకూడదు.

కొన్ని జీవులను మామూలుగా కొట్టకూడదు. ఈ సంగతి ఆటే నేర్పేదాకా ఆగితే ఒక్కో పాఠానికి ఒక్కో ప్రాణం ఖర్చవుతుంది. నీలం రంగు చిన్న 'ఈ' తేలే కన్ను. అది తనంతట తాను ఎవరినీ కొట్టదు. దాన్ని కత్తితో కొట్టినవారు మాత్రం చాలా ఎత్తులపాటు కదలలేక నిలిచిపోతారు, ఆలోగా దారిన పోయే ఎలుక కూడా వారిని చంపగలదు. దూరం నుంచి బాకులు విసిరి దాన్ని చంపి ఆ కళేబరం తింటే మటుకు, కళ్లకు గంత కట్టుకున్నప్పుడు మనసున్న జీవులన్నీ ఎక్కడున్నాయో కనిపించే శక్తి వస్తుంది. ఈ ఆట అందమంతా ఇలాంటి చోట్లే ఉంది. పసుపు రంగు 'సి' కాకట్రైస్. దాన్ని ఒట్టి చేత్తో తాకితే చాలు, పాత్ర రాయైపోతుంది. తిన్నా అంతే. దాని బుస వల్ల ఒళ్లు మెల్లగా బిగుసుకుపోవడం మొదలైతే బల్లి కళేబరం తినడమో ప్రార్థించడమో వెంటనే చెయ్యాలి.

తిండి విషయంలో భయం, తొందర రెండూ చేటే. చంపినదాన్ని 30 ఎత్తులలోపు తింటే కుళ్లు భయం లేదు, 50 దాటితే ప్రాణాపాయం. జోంబీలు, మమ్మీలు చచ్చేనాటికే పాతవి, వాటిని ఎప్పుడూ తినకూడదు. కుక్కను, పిల్లిని తింటే ఆ అంతస్తు భూతాలన్నీ రెచ్చిపోయే శాపం అంటుకుంటుంది. సొంత జాతివారిని తినడం మహాపాపం. లైకెన్, బల్లి కళేబరాలు ఎంతకాలమైనా చెడవు కాబట్టి దొరికినవి దాచుకోవాలి. సంచిలో ఉన్న రొట్టెలు, పొట్లాలు కళేబరాలు దొరకని రోజులకు. కడుపు నిండిందని ఆట చెప్పాక ఇంకా తింటే గొంతులో అడ్డుపడి చనిపోవచ్చు.

దొరికిన ప్రతి ఉంగరాన్నీ తాయెత్తునూ వెంటనే ధరించడం కొత్తవారి మరో చేటు అలవాటు. గొంతు బిగించే తాయెత్తు ఆరు ఎత్తుల్లో ప్రాణం తీస్తుంది, శపించినదైతే తీసేయడం కూడా కుదరదు. వస్తువులను బలిపీఠం మీద పడేస్తే శపించినవాటికి నల్లటి మెరుపు, దీవించినవాటికి కాషాయపు మెరుపు కనిపిస్తాయి. బలిపీఠం దొరక్కపోతే వెంట ఉన్న కుక్కపిల్లనో పిల్లిపిల్లనో గమనించాలి. అది అయిష్టంగా దాటిందని ఆట చెప్పిన వస్తువు శపించినదే. తెలియని మంత్రదండం దొరికితే దానితో నేల మీద రాసి చూడాలి. చాలా దండాలు ఆ రాతలోనే తమ గుణం బయటపెడతాయి. తవ్వే దండం అని తేలితే అది ఆస్తి. కిందికి గురిపెడితే నేలకు కన్నం పడి, ఎంత పెద్ద గుంపు చుట్టుముట్టినా పాత్ర కింది అంతస్తుకు జారిపోతుంది.

దుకాణాల గురించి ఒక్క మాట చాలు. యజమానితో తగువు పడకూడదు, అతను మొదటి అంతస్తుల్లో ఎదురయ్యేవారందరికన్నా బలవంతుడు. గునపం వెంట ఉంటే అతను లోపలికి రానివ్వడు, దాన్ని బయటే పెట్టి వెళ్లాలి.

ఇవన్నీ ముందే చదివి తెలుసుకోవడం ఆటలో మోసమేమో అన్న సందేహం చాలామందికి ఉంటుంది. కాదు. తేలే కన్ను గుణాన్ని ముందుగా ఊహించడం ఎవరి తెలివికీ సాధ్యం కాదు. తెలిశాక కూడా ఏ ఎత్తులో ఏం చెయ్యాలన్నది ఆటగాడే తేల్చుకోవాలి, కష్టమంతా అందులోనే ఉంది. ఆటతోపాటే ఎరిక్ రేమండ్ తొలిగా రాసిన గైడ్‌బుక్ వస్తుంది, దాన్ని ఒకసారి మొత్తం చదవాలి. తెర మీద తెలియని గుర్తు కనిపిస్తే సెమీకోలన్ మీట నొక్కి కర్సర్‌ను దాని మీద పెడితే ఆట పేరు చెబుతుంది, అందుకు ఎత్తు ఖర్చు కాదు. చావు భయం లేకుండా లోతులు చూడాలనుకునేవారికి ఎక్స్‌ప్లోర్ మోడ్ ఉంది. అందులో చనిపోయినా కొనసాగవచ్చు, స్కోరు మాత్రం లెక్కలోకి రాదు. డ్వార్ఫ్ వాల్కిరీతో మొదలుపెట్టి, ఈ కాగితం పక్కన ఉంచుకుని, ప్రార్థించిన ఎత్తు సంఖ్యను దీని వెనకే రాసుకుంటూ ఆడితే చాలు.