సమ ఎలక్ట్రాన్ జాతులను గుర్తించు విధము

"క్రింది వానిలో ఐసోఎలక్ట్రానిక్ జాతులను గుర్తింపుము" అను ప్రశ్న రసాయనశాస్త్ర పరీక్షలలో తరచుగా కనిపించును. ఉర్దూ మాధ్యమమున చదివినను, తెలుగు మాధ్యమమున చదివినను, దీనికి కావలసినది ఒక చిన్న లెక్క, దాని వెంట ఒక పరిశీలన. లెక్కతోనే ఆగిపోయినచో సమాధానము తప్పు కావచ్చును.

ఎలక్ట్రాన్ల సంఖ్యయు, ఎలక్ట్రాన్ విన్యాసమును ఒక్కటిగా గల పరమాణువులను, అయాన్లను సమ ఎలక్ట్రాన్ జాతులందురు. పరమాణు సంఖ్య నుండి అయాన్ యొక్క ధనావేశమును తీసివేయవలెను, ఋణావేశమైనచో కలుపవలెను.

ఆక్సైడ్ అయాన్: 8 + 2 = 10
ఫ్లోరైడ్ అయాన్: 9 + 1 = 10
నియాన్ పరమాణువు: 10
సోడియం అయాన్: 11 − 1 = 10
మెగ్నీషియం అయాన్: 12 − 2 = 10
అల్యూమినియం అయాన్: 13 − 3 = 10

వీనియన్నింటి విన్యాసము 1ఎస్² 2ఎస్² 2పి⁶. కావున ఇవి ఒకే వరుసకు చెందినవి.

ఇక పరిశీలన. వెనేడియం పరమాణువులో 23 ఎలక్ట్రాన్లు కలవు. రెండు ధనావేశముల మాంగనీస్ అయాన్‌లోను, మూడు ధనావేశముల ఇనుము అయాన్‌లోను 23 ఎలక్ట్రాన్లే. అయినను వెనేడియం బాహ్య విన్యాసము 3డి³ 4ఎస్². తక్కిన రెండింటిది 3డి⁵. ఈ లోహములు అయాన్లుగా మారునపుడు ముందుగా 4ఎస్ ఎలక్ట్రాన్లు పోవుటయే దీనికి కారణము. కనుక మాంగనీస్, ఇనుము అయాన్లు పరస్పరము సమ ఎలక్ట్రాన్ జాతులు. వెనేడియం వానితో చేరదు.

ఎలక్ట్రాన్లు సమానమైనంత మాత్రమున పరిమాణము సమానము కాదు. ఆదోని ప్రెస్సింగు మిల్లులలో అంతే ప్రత్తిని ఎక్కువ ఒత్తిడితో బిగించినచో బేలు చిన్నదగును గదా! అట్లే, కేంద్రకమునందు ప్రోటాన్లు పెరిగిన కొలది అవే పది ఎలక్ట్రాన్లు మరింతగా లోనికి లాగబడును. ఆక్సైడ్ అయాన్ వ్యాసార్థము సుమారు 140 పికోమీటర్లు, ఫ్లోరైడ్ 133, సోడియం 102, మెగ్నీషియం 72, అల్యూమినియం 54.

ఈ పాఠము మన త్రాగునీటికిని సంబంధించినదే. హైడ్రాక్సైడ్ అయాన్‌లో ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు 8, హైడ్రోజన్‌ది 1, ఋణావేశము వలన మరొకటి, వెరసి 10. ఫ్లోరైడ్‌కును అంతే. పైగా రెండింటి ఆవేశము ఒక్కటే, పరిమాణమును దాదాపు ఒక్కటే. అందువలననే ఎముకలలోని హైడ్రాక్సీ ఎపటైట్ అను ఖనిజమున హైడ్రాక్సైడ్ స్థానములో ఫ్లోరైడ్ సులభముగా చేరును. సోడియం అయాన్‌కు పది ఎలక్ట్రాన్లున్నను, ఆవేశము వేరగుటచే ఆ స్థానము లభింపదు.

ఫ్లోరైడ్ అధికముగా గల నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో దంతములు మచ్చలు పడును, ఎముకలు, కీళ్ళు బిగిసిపోవును. నాటి నెల్లూరు జిల్లాలో ఈ ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి 1937లోనే వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ జిల్లా పల్లెలు దీని వలన పడిన బాధ లోకవిదితము. భారత ప్రమాణముల ప్రకారము లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు నీటివసతి లేనిచో 1.5 వరకు అనుమతింతురు. నీటిని కాచినంత మాత్రమున ఫ్లోరైడ్ పోదు.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970 దశకమున రూపొందించిన నల్లగొండ పద్ధతిలో నీటికి పటిక, సున్నము కలిపి తేర్చుదురు. పటికలోని అల్యూమినియం తెట్టెగా ఏర్పడి ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగునకు దిగును. అల్యూమినియం అయాన్‌కును పది ఎలక్ట్రాన్లే! కాని మూడు ధనావేశములు గల చిన్న అయాన్ అగుటచే ఫ్లోరైడ్‌ను గట్టిగా ఆకర్షించును.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో తుంగభద్ర కాలువ నీరందని పల్లెల విద్యార్థులు తమ బోరునీటిని పరీక్ష చేయించుట మంచిది.

అభ్యాసము: సల్ఫైడ్, క్లోరైడ్, పొటాషియం, కాల్షియం అయాన్ల విన్యాసములను వ్రాసి, ఇవి ఆర్గాన్‌తో సమ ఎలక్ట్రాన్ జాతులని నిరూపింపుడు. పరిమాణ క్రమమును నిర్ణయింపుడు. అన్నిటికంటె పెద్దది సల్ఫైడ్, చిన్నది కాల్షియం అని వచ్చినచో మీరు పాఠమును గ్రహించినట్లే.