ఉట్ల పండుగ – పాల్గొనదగినవారెవరు?

శ్రీకృష్ణ జయంతి మరునాడు ఉట్లోత్సవము జరుపుట పెక్కు వైష్ణవాలయములందు ఆచారము. పాలు, పెరుగు, వెన్న కుండలను పిల్లులకు, పిల్లలకు అందకుండ దూలమునకు వ్రేలాడగట్టు త్రాటి అల్లికయే ఉట్టి. సంస్కృతమున దీనినే శిక్యమందురు. తిరుమలలో ఆనాడు శ్రీమలయప్పస్వామివారును, శ్రీకృష్ణస్వామివారును వేర్వేరు తిరుచ్చులపై మాడవీథులలో వేంచేసి ఈ వేడుకను తిలకింతురు. తాళ్లపాక అన్నమాచార్యులును ఉట్ల పండుగను కీర్తించిరి.

ఈ ఉత్సవమునకు మూలము శ్రీమద్భాగవత దశమ స్కంధము. చేతికందని ఉట్టిని బాలకృష్ణుడు పీటలు, రోళ్లు పేర్చి అందుకొనుచున్నాడని ఎనిమిదవ అధ్యాయమున గోపికలు యశోదకు మొరపెట్టుకొందురు. తొమ్మిదవ అధ్యాయమున స్వామి రోటిపై నిలిచి, ఉట్టిలోని వెన్నను కోతికి పెట్టుచుండగా తల్లి చూచును. వెన్న నపహరించినవాడు దానిని పంచిపెట్టినాడు. ఈ లీలలోని రహస్యమిదియే.

మనుష్యుల భుజములపై మనుష్యులు నిలిచి ఉట్టి నందుకొనుట ఈ అధ్యాయములందు లేదు. అది భక్తులు లీల ననుకరించుచు కల్పించుకొన్న రూపము. మహారాష్ట్రమున గోవిందా బృందములు అంతస్తులు అంతస్తులుగా నిలిచి 'దహీ హండీ'ని పగులగొట్టుదురు. అచట స్త్రీల బృందములును కలవు. తెలుగు పల్లెలలో ఒకరు ఉట్టి త్రాటిని పైకి క్రిందికి లాగుచుండగా, చుట్టునున్నవారు నీళ్లు చల్లుచుండగా, యువకులు ఎగిరి కర్రతో కొట్టుదురు.

ఇందు పాల్గొనదగినవారెవరు? మీదికెక్కువాడు తేలికగా నుండవలెనని పసిబాలుర నెక్కించుట కలదు. అది అపాయకరము. 2014లో బొంబాయి ఉన్నత న్యాయస్థానము ఎత్తును 20 అడుగులకు పరిమితము చేసి, 18 ఏండ్ల లోపువారిని నిషేధించినది. పిదప 2017లో ఆ నియమములు సడలినను, 14 ఏండ్ల లోపువారిని పాల్గొననీయమని ప్రభుత్వము న్యాయస్థానమునకు మాట యిచ్చినది. బాలకృష్ణుని పేర బాలుని ప్రమాదమున నిలుపుట కైంకర్యము కానేరదు.

ఇక కులభేదమునకు ఇచట తావు లేదు. పిడుగురాళ్ల పల్నాటి సీమలోనిది. పండ్రెండవ శతాబ్దమున మాచెర్ల చెన్నకేశవస్వామి భక్తుడైన బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్కచోట కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెను. మాలకులజుడైన కన్నమదాసును పుత్రునిగా స్వీకరించెనని ప్రసిద్ధి. అట్టి నేలపై, ఉట్టి క్రింద భుజము కలుపవచ్చినవానిని కులమడుగుట ఎట్లు తగును? సున్నపు బట్టీలో పనిచేయు భుజమైనను, మిరప బస్తాలు మోయు భుజమైనను స్వామి సేవకు సమానమే.

పైవాడు కుండ నందుకొనునది క్రిందివాడు కదలక నిలిచినందుననే. లోకుల చూపు పైవానిపై నుండును, భారమెల్ల క్రిందివానిది. కుండ పగిలినప్పుడు పెరుగు చిందునదియు క్రింద నున్నవారి తలలమీదనే. ఈ యేడు ఉట్టి కట్టు పెద్దలు వీథి వీథికి పోయి అందరిని పిలువవలెను. పగిలిన కుండలోని ప్రసాదమును అందరికి పంచవలెను. అట్లు పంచిననాడే గోపాలుని లీల సంపూర్ణమగును.