పారదర్శక పాలిమరులు – నానో రేణువుల పాత్ర

గాజు స్వచ్ఛమైనదే కాని బరువైనది, పెళుసైనది. పాలీమెథైల్ మెథాక్రిలేట్, అనగా బజారులో 'అక్రిలిక్' రేకుగా దొరికే పాలిమరు, గాజులో సగం బరువైనా తూగదు. కాంతిని మాత్రం గాజువలెనే పోనిస్తుంది. దాని లోపమల్లా ఇసుక రాపిడికి గీతలు పడటం. గట్టిపడుటకు ఏదైనా ఖనిజపు పొడి కలిపితే పాలవలె తెల్లబడుతుంది. గట్టిదనం రావలె, స్వచ్ఛత పోరాదు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

తెల్లబడుటకు కారణం కాంతి పరిక్షేపణం. పాలిమరుకు, అందులోని రేణువుకు వక్రీభవన గుణకాలలో ఎంత తేడా ఉంటే కాంతి అంతగా చెదరుతుంది. పై పాలిమరు గుణకం 1.49, సిలికాది సుమారు 1.46. అందుచేత ఈ పనికి సిలికా అనుకూలం, 2.5కు మించిన గుణకం గల టైటానియా అంత అనుకూలం కాదు. పరిమాణం ఇంకను ముఖ్యం. కాంతి తరంగదైర్ఘ్యం కంటె ఎంతో చిన్నదైన రేణువు చెదరగొట్టే కాంతి దాని వ్యాసం యొక్క ఆరవ ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వ్యాసం సగమైతే ఒక్కొక్క రేణువు చెదరగొట్టే కాంతి 64వ వంతుకు తగ్గుతుంది. అదే బరువుకు రేణువుల సంఖ్య 8 రెట్లు పెరుగుతుంది కనుక మొత్తం మీద 8వ వంతు మిగులుతుంది. 20 నానోమీటర్ల సిలికా రేణువు 400 నానోమీటర్ల ఊదా కాంతిలో ఇరవయ్యవ వంతు మాత్రమే. ఉర్దూ మిత్రులు 'షఫ్ఫాఫ్' అనే గుణం ఈ లెక్క మీదనే నిలిచి ఉన్నది.

అయితే రేణువులు విడివిడిగా ఉండవు. ఒక ఘన సెంటీమీటరు సిలికాను 20 నానోమీటర్ల గోళాలుగా చేస్తే మొత్తం ఉపరితలం 300 చదరపు మీటర్లు, అనగా సుమారు 360 గజాలు. సంగారెడ్డిలో ఒక పెద్ద ఇంటి స్థలమన్నమాట! ఆ ఉపరితలం నిండా ఉండే హైడ్రాక్సిల్ సమూహాలు ఒకదానినొకటి ఆకర్షించుకొని రేణువులను ముద్ద చేస్తాయి. ఒకసారి ఎండి పొడియైన పిదప ఎంత చిలికినా పూర్తిగా విడివడుట దుర్లభం. 500 నానోమీటర్ల ముద్ద కాంతికి పెద్ద రేణువు క్రిందనే లెక్క. నానో పొడి కొని కలిపితే చాలుననుకొనే విద్యార్థి శ్రమ ఇక్కడనే వృథా అవుతుంది.

కనుక ఎండనీయకుండ పని సాగించాలి. 1968లో స్టోబర్, ఫింక్, బోన్ ప్రకటించిన పద్ధతిలో టెట్రాఈథైల్ ఆర్థోసిలికేట్‌ను ఆల్కహాలులో, కొంత నీరు, అమోనియా సమక్షంలో జలవిశ్లేషణ చేస్తే సిలికా గోళాలు ఏర్పడతాయి. వాటికి మెథాక్రిలేట్ సమూహం గల సిలేన్‌ను చేర్చాలి. సిలేన్ అణువు ఒక కొసతో సిలికాను పట్టుకొంటుంది. రెండవ కొసనున్న ద్విబంధం పాలిమరు శృంఖలంలో కలిసిపోతుంది. తరువాత ఆల్కహాలు స్థానంలో క్రమంగా ద్రవరూప మోనోమరును ప్రవేశపెట్టి, కొద్దిగా బెంజాయిల్ పెరాక్సైడ్ కలిపి, రెండు గాజు పలకల మధ్య పోసి, 60 డిగ్రీల ప్రాంతంలో నీటి తొట్టిలో గంటల తరబడి ఉంచాలి. తొందర పనికిరాదు. ద్రవం చిక్కబడిన కొద్దీ చర్య తనంతట తానే వేగం పుంజుకొంటుంది, వేడి బయటపడదు, మోనోమరు సుమారు 100 డిగ్రీల వద్ద మరగునది కనుక రేకు నిండా బుడగలు వస్తాయి. ఘనపరిమాణం కూడ ఐదవ వంతు తగ్గుతుంది. పలకల నడుమ అంచుపట్టీ నొక్కుకుపోయేదిగా ఉండాలి.

రేకు మొత్తాన్ని ఇట్లు చేయుట కంటె, మామూలు ప్లాస్టిక్ పైన నానో సిలికా గల పలుచని పూత వేయుట అనేక సందర్భాలలో మేలు. గీతలు పడేది పైభాగమే కదా! హైదరాబాదు బాలాపూర్‌లోని ఎ.ఆర్.సి.ఐ. సంస్థలో ఇటువంటి సోల్-జెల్ పూతలకు ప్రత్యేక కేంద్రమే కలదు.

ఇంకొక సులభమార్గం ఉన్నది: తయారైన పాలిమరును టోలీన్‌లో కరిగించి, రేణువులు కలిపి, ఆరబెట్టుట. ప్రయోగశాలలో ఇది సుకరం. కాని 10 శాతం ద్రావణంలో ఒక టన్ను పాలిమరుకు 9 టన్నుల ద్రావణి అవసరం. పటాన్‌చెరు ప్రాంతీయులకు ఆ 9 టన్నులు ఎటు పోతాయన్న ప్రశ్న కొత్తది కాదు. పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో పడి మంజీరకు చేరుతున్నవన్న వ్యాజ్యం 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. అందుచేత ఈ ప్రాంతంలో మోనోమరు మార్గమే మేలని నా అభిప్రాయం, కష్టమైనదైనా సరే. అందులోనూ అమోనియా కలిసిన ఆల్కహాలు మిగులుతుంది. దానిని ఆమ్లంతో తటస్థీకరించి, స్వేదనం చేసి, తిరిగి మొదటి పాత్రలోనే వాడుకొనవచ్చును.