వరిచేనిలో ప్రకృతివరణము: దాని శక్తి, దాని హద్దు



"ప్రకృతి చేసినదానికి వంక లేదు, మనుష్యుడు చేయి పెట్టినప్పుడే చెడినది" అని మన ఆమదాలవలస ప్రాంతమున పెద్దలు తఱచుగా అనుచుందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని విత్తనము విషయమున దీనిని పూర్తిగా నమ్మినవానికి నష్టము తప్పదు.

1859లో డార్విను అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు జీవుల పరిణామమును గూర్చి గ్రంథము ప్రకటించెను. ఒకే జాతి జీవులలో స్వల్పభేదములు పుట్టుచుండును. ఏ భేదము వలన ఒక జీవి ఎక్కువ సంతతిని నిలుపుకొనగలదో ఆ భేదమే తరతరములకు వ్యాపించును. దీనినే ప్రకృతివరణమందురు. దీనికి ముందుచూపు లేదు. కాపురమున్న ఇంటిలోనే గోడలు మార్చుకొనవలసినదే గాని, ఇల్లు పడగొట్టి క్రొత్తగా కట్టుటకు వీలులేదు.

మీ దుక్కిటెద్దునే చూడుడు. అది ఱంకె వేయుటకు గొంతులోని కండరములను కదలించు నరము మెదడు నుండి తిన్నగా గొంతునకు పోదు. మెడ పొడవునను దిగి, ఎడమప్రక్కది ఱొమ్ములో గుండెనుండి వెలువడు మహాధమనిని చుట్టి, మరల పైకెక్కి గొంతును చేరును. చేపలవంటి పూర్వజీవులలో ఈ దారి తిన్ననిదే. మెడ సాగినకొలది నరమును సాగినది. ఇంటికి కరెంటుతీగె లాగు పనివాడెవడును ఇట్లు లాగడు. మన గొంతులోను ఇదే ఏర్పాటు!

ఇక చేనిలోనికి వత్తము. నివ్వరి గింజ పండినంతనే రాలిపోవును. అది ఆ మొక్కకు మేలు, మనకు కీడు. మన గాదె నింపుట ప్రకృతివరణమునకు పని కాదు.

అంతకంటె ముఖ్యమైనది మొక్క పొడవు. తప్పెటగుళ్ళు చూచుటకు అందఱును కూర్చున్నచోట ముందువాడొకడు లేచి నిలిచెననుకొనుడు. వెనుకవారును లేవవలసినదే. కడకు అందఱికిని కాళ్లనొప్పియే గాని, ఎవనికిని ఎక్కువ కనబడదు. వరిమొక్కల సంగతియు నిట్టిదే. పొరుగుమొక్కకంటె బెత్తెడు పొడవు పెరిగినది ఎండను దోచుకొని, ఎక్కువ గింజలు కట్టును. మరుసటేడు పొడవుమొక్కలే హెచ్చును. అన్నియు పొడవైన పిమ్మట ఎవ్వదానికిని లాభము లేదు. గింజకు పోవలసిన సత్తువ గడ్డికి పోవును, కొంచెము ఎరువు వేసినచో చేను పడిపోవును. అందఱును కూర్చుందమని తీర్మానించుకొనుటకు మొక్కలకు సహకారసంఘము లేదు కదా!

పొట్టిగుణమును పుట్టించినదియు ప్రకృతియే. పొడవుమొక్కల నడుమ దానిని నిలుపలేకపోయినది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు తైవాను దేశపు పొట్టివరి గుణమును సంకరముచే గ్రహించి 1966లో ఐ.ఆర్. 8 అను రకమును విడుదల చేసిరి. ఆ దశకమునందే వారు పొట్టిరకమును పొడవురకములతో కలిపి నాటి చూచిరి. విడిగా నాటినప్పుడు అధికఫలమిచ్చిన పొట్టిరకము, కలిపి నాటినచోట కొలది తరములలోనే దాదాపుగా అంతరించెను. ఇది మఱువరాదు.

మఱియొక హద్దు కలదు. ఒకచోటి మంచిగుణమును వేఱొకచోటికి కోరి తెచ్చుట ప్రకృతివరణమునకు చేతకాదు. మారుటేరు నుండి 1982లో వెలువడిన స్వర్ణ రకమునకు మునకను తాళు శక్తి లేదు. నాగావళి, వంశధారల వరదలో పలురోజులు మునిగిన సాధారణ వరి, నీటిపైకి రావలెనని సాగిసాగి, నిలువయున్న ఆహారమును ఖర్చుపెట్టుకొని, నీరు తీసినతర్వాత కూలును. ఒడిశాలోని ఒక నాటువరి మాత్రము మునిగియున్నంతకాలము పెరుగుదల ఆపి నిదానించును. ఆ గుణమును చేర్చిన స్వర్ణ సబ్-1 రకము 2009లో విడుదలయై, సుమారు రెండు వారముల మునకను తాళుచున్నది.

అట్లని అన్నిటను మనుష్యుడే మేలని కాదు. వేరు నీటిని పీల్చుట, ఆకు నీటిని పొదుపుచేయుట మొదలగు పనులను ప్రతిమొక్కయు తనకై తాను కోట్ల సంవత్సరములుగా పరీక్షించుకొన్నది. అక్కడ ప్రకృతిని మించుట కష్టము. "ఈ విత్తనమునకు నీరే అక్కఱలేదు" అని అంగడివాడు చెప్పినచో సంచి విప్పకుండ తిరిగి రండు.

సంఘమునకు విత్తనమునిచ్చు సభ్యులు పూతకు ముందొకసారి, పూతవేళ నొకసారి, కోతకు ముందు మఱియొకసారి చేనంతయు తిరిగి, తలయెత్తి కనబడు కేళీలను తీయవలెను. ఫలించుమొక్కలని జాలిపడరాదు. కొడవలితో కోసినచో పిలకలు మరల లేచును గనుక, వేళ్లతో పెఱికి గట్టుమీదికి తీసివేయవలెను.