సిలోయము గోపురం కూలినప్పుడు

చదువవలసిన సువార్త భాగం: లూకా 13:1–5



చాలా ఏళ్ళ క్రిందట ఒక కార్మికుని భూస్థాపనకు వెళ్ళాను. పనిచేసే చోట జరిగిన ప్రమాదంలో ఆయన చనిపోయాడు. సమాధి దగ్గర ప్రార్థనలు ముగించి, నాలుగు ఓదార్పు మాటలు చెప్పి, చివరకు అందరూ అనే మాటే నేనూ అన్నాను: "ఇది దైవచిత్తం. మనం తలవంచాలి." జనం ఒక్కొక్కరే గుప్పెడు మట్టి వేసి వెళ్ళిపోయారు. పెద్దకొడుకు మాత్రం ఆగాడు. ఇంటర్ చదువుతున్న పిల్లవాడు.

"ఫాదర్‌గారండీ, ఆ మిషను బాగోలేదని నాన్న మూడుసార్లు చెప్పారండి. ఎవరూ పట్టించుకోలేదు. అది కూడా దైవచిత్తమేనా అండీ?" అని అడిగాడు.

నాకు జవాబు దొరకలేదు. అతని భుజం మీద చెయ్యి వేసి ఊరికే నిలబడ్డాను. ఆ ప్రశ్న ఈనాటికీ నన్ను వదలలేదు. ఈ వారం పాఠం ఆ బిడ్డకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

మన విశాఖపట్నం ఓడరేవు మీద, కర్మాగారాల మీద బ్రతికే ఊరు. జ్ఞానాపురంలోనైనా, మల్కాపురంలోనైనా, గాజువాకలోనైనా పోర్టులోనో, షిప్‌యార్డులోనో, స్టీలు ప్లాంటులోనో పనిచేసేవారు లేని వీధి ఉండదు. నైట్‌షిఫ్టుకు బయలుదేరే కొడుకు నుదుట సిలువ గుర్తు వేసి పంపే తల్లులు మన విచారణలలో ఎందరో ఉన్నారు. ఆ తల్లులు ఎందుకు అలా చేస్తారో ఈ ఊరికి బాగా తెలుసు.

1997 సెప్టెంబరు 14, ఆదివారం. శ్రీసభ పవిత్ర సిలువ విజయోత్సవం జరుపుకొనే రోజు. విశ్వాసులు ఉదయపు దివ్యపూజకు సిద్ధమయ్యే వేళకే హిందూస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారంలో గ్యాసు లీకై అంటుకుంది. సుమారు 60 మంది ప్రాణాలు పోయాయి. నల్లని పొగ ఆకాశాన్ని కమ్మేస్తే, చుట్టుపక్కల జనం కట్టుబట్టలతో పరుగులు తీశారు. 2012 జూన్ 13న, పునీత అంతోనివారి పండుగనాడు, స్టీలు ప్లాంటులో ఆక్సిజన్ విభాగంలో పేలుడు జరిగి పదిహేను మందికి పైగా మరణించారు. 2014 అక్టోబరు 12న, అదీ ఆదివారమే, హుద్‌హుద్ తుపాను తీరం దాటింది. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ళలోకి ప్రవేశించి 12 మందిని బలిగొన్నది.

పండుగలనాడే ఇలా జరిగితే విశ్వాసి మనసులో ప్రశ్న పుట్టక మానదు: "సిలువ మనల్ని కాపాడలేదా?"

చనిపోయినవారి మీద నింద వేయరాదు

కష్టం వచ్చిన ఇంటికి వెళ్ళి, "ఏ పాపం చేశారో, ప్రార్థన తగ్గిందేమో" అనేవారు మనలోనూ ఉన్నారు. భర్త పోయి పది రోజులైనా కాని ఇల్లాలి చెవిన ఆ మాట పడితే ఆమె ఏమైపోతుందో వారు ఆలోచించరు. ప్రభువు కాలంలోనూ అటువంటి ఆలోచనలే ఉండేవి. సిలోయములో గోపురం కూలి పదునెనిమిది మంది చనిపోయారు. వారు యెరూషలేములోని మిగతావారికంటె ఎక్కువ పాపులని మీరు తలంచుచున్నారా అని ప్రభువే అడిగి, కాదని తేల్చి చెప్పారు. మృతుల పాపాల లెక్క తీయనివ్వలేదు. బ్రతికి ఉన్నవారివైపు తిరిగి, మీరు హృదయ పరివర్తన చెందండి అన్నారు.

కాబట్టి ప్రమాదం జరిగిన మరునాడు క్రైస్తవుడు అడుగవలసిన ప్రశ్న "వాళ్ళేం చేశారు?" అన్నది కాదు. "మనం ఏమి మార్చుకోవాలి?" అని అడగాలి.

మనుష్యుల అజాగ్రత్తను దేవుని ఖాతాలో వ్రాయరాదు

స్టైరీన్‌ను ఎప్పుడూ చల్లగా ఉంచాలి. వేడెక్కితే దాని అణువులు తమంతట తామే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఆ కలయికలో మరింత వేడి పుట్టి ఆవిరి ఎగదన్నుతుంది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన కమిటీ ఆ దుర్ఘటనకు భద్రతా లోపాలనే కారణంగా చూపింది. ట్యాంకు వేడెక్కడం ప్రకృతి నియమం. అది వేడెక్కుతున్నదా అని చూసుకోవడం మనిషి బాధ్యత. ఆ బాధ్యత తప్పి, ఫలితాన్ని దైవచిత్తమనడం ఆయన నామాన్ని వ్యర్థముగా వాడడమే.

తుపాను సంగతి వేరు. గాలిని మనం ఆపలేము. అక్కడ కూడా ఒకటి గమనించండి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనకు పదివేల మందికి పైగా బలైపోయారు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ముందుగానే హెచ్చరించి లక్షలాది మందిని తీరం నుంచి తరలించారు. చెట్లు నేలకూలాయి, కప్పులు ఎగిరిపోయాయి, రోజుల తరబడి కరెంటు, మంచినీళ్ళు లేవు. మృతుల సంఖ్య మాత్రం మన రాష్ట్రంలో పదులలోనే ఆగింది. నోవహు వాన మొదలయ్యాక ఓడ కట్టలేదు కదా! ముందుచూపు కూడా సర్వేశ్వరుని వరమే.

మెడలో జపమాల ఉన్నది కదా అని హెల్మెట్టు లేకుండా ఎత్తున పనిచేసేవారిని నేను ఎరుగుదును. దేవాలయ శిఖరం మీదనుండి దూకమని సైతాను చెప్పినప్పుడు దేవుణ్ణి శోధింపరాదని ప్రభువు నిరాకరించారు. ఆ పాఠం మనకూ వర్తిస్తుంది.

జగద్గురువులు రెండవ జాన్ పాల్ పోపుగారు మానవ శ్రమను గూర్చి "లబోరెమ్ ఎక్సెర్సెన్స్" అనే విశ్వలేఖను వెలువరించారు. కార్మికుని ఆరోగ్యానికి హాని చేయని పనిస్థలం అతని హక్కు అని అందులో స్పష్టంగా బోధించారు. దాని తేదీ 1981 సెప్టెంబరు 14, సిలువ విజయోత్సవ దినమే. మన ఊరు మండిన ఆ ఆదివారానికి సరిగ్గా పదహారేళ్ళ ముందు.

సిలువ తాయెత్తు కాదు

శిష్యుల పడవలోకి నీళ్ళు వస్తుంటే ప్రభువు అదే పడవలో నిద్రిస్తున్నారు (మార్కు 4:35–41). ఒడ్డున నిలబడి చూడలేదు. గాలివానలో వారితోనే ఉన్నారు. సిలువ మీదనుండి దిగిరమ్మని జనం పరిహసించినప్పుడు దిగిరాలేదు. బాధపడేవారి పక్షాన చివరివరకు నిలిచి, మూడవనాడు మరణాన్ని జయించారు. సిలువను నమ్మినవాడికి ప్రమాదం జరుగదని శ్రీసభ ఎన్నడూ బోధించలేదు. ఏ ప్రమాదంలోనూ అతడు ఒంటరివాడు కాడని బోధిస్తుంది.

2020 మే నెలలో కోవిడ్ భయానికి మనిషిని మనిషి తాకని రోజులవి. దేవాలయాలు మూసి ఉన్నాయి. అయినా వీధుల్లో స్పృహతప్పి పడిపోయిన పిల్లలను, వృద్ధులను ఇరుగుపొరుగువారు, పోలీసులు చేతులమీద మోసుకొని పరుగెత్తారు. ఎవరి మతమేమిటని ఎవరూ అడుగలేదు. మంచి సమరీయుని ఉపమానం మన కళ్ళెదుటే జరిగింది.

బాబూ, ఇప్పుడు నువ్వు ఎక్కడున్నావో తెలియదు. ఆ రోజు నేను చెప్పలేకపోయిన మాట ఇది. మిషను బాగుచెయ్యకపోవడం దైవచిత్తం కాదు. తోటివారి ప్రాణం కోసం మీ నాన్న మూడుసార్లు నోరు విప్పి చెప్పారే, అదీ దైవచిత్తం. ఆయన దానిని నెరవేర్చే వెళ్ళారు. సమాధి దగ్గర నేను పొరబడ్డాను, నన్ను క్షమించు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుకొనుటకు

1. కష్టంలో ఉన్న ఇంటివారిని మన మాటలతో ఎప్పుడైనా గాయపరిచామా? వెళ్ళి క్షమాపణ అడుగగలమా?
2. మన పనిస్థలంలో ప్రమాదం కనిపించినప్పుడు చెబుతున్నామా, మనకెందుకులే అని ఊరుకుంటున్నామా? మన క్రింద పనిచేసేవారు చెప్పినప్పుడు వింటున్నామా?
3. ఇంట్లో గ్యాసు గొట్టం, కరెంటు తీగలు చివరిసారి ఎప్పుడు చూసుకున్నాము?
4. ప్రమాదంలో ఇంటిపెద్దను కోల్పోయిన కుటుంబం మన విచారణలో ఉన్నదా? నెల మాసికం తరువాత వారి గడప ఎవరైనా తొక్కారా?

ప్రార్థన

పడవలో మాతోనే ఉన్న ప్రభువా, పనిలో ప్రాణాలు విడిచిన మా సోదరులకు నిత్య విశ్రాంతిని దయచేయండి. వారి ఇళ్ళలో దీపం ఆరనివ్వకండి. మాకు మెలకువగల కన్నులను, నిజం చెప్పే నోటిని, వినే చెవులను ప్రసాదించండి. సిలువ చెంత నిలిచిన మరియమాతా, షిఫ్టుకు వెళ్ళిన మా బిడ్డలు క్షేమంగా ఇల్లు చేరేలా మా కొరకు ప్రార్థించండి. ఆమెన్.